కాన్పు తరువాతి ముడ్డిపూస నొప్పి - ఓర్పు చికిత్స కాదు

“బిడ్డను కన్న తరువాత నడుము నొప్పి లేకుండునా? మేమందరము కన్నవాళ్లము కామా?” అను మాట మన ఇండ్లలో తరచు వినబడుచుండును. అన్నవారికి దురుద్దేశము లేదు. తాము పడినదే చెప్పుచున్నారు. కాని ఆ మాట విన్న బాలింత మరల నోరు విప్పదు. ఆరు నెలలు, ఏడాది, ఒక్కొక్కచో రెండవ కాన్పు వరకు ఆ బాధతోనే వెళ్లబుచ్చును. నేలమీద కూర్చొనలేక, కూర్చున్నచో లేవలేక, బిడ్డకు పాలిచ్చు వేళ పండ్లు బిగబట్టుకొను తల్లులు నా వద్దకు ఏటేట వచ్చుచునే యున్నారు. వారిలో చాలమంది చెప్పు మొదటి మాట “ఇది మామూలే అన్నారండీ” అనియే. మామూలు కాదని చెప్పుటకే ఈ వ్యాసము.

వెన్నుపూసల వరుస చివర, త్రికాస్థికి దిగువన, 3 నుండి 5 వరకు చిన్న పూసలు కలిసి ఏర్పడిన ఎముక కలదు. దీనిని అనుత్రికాస్థి అందురు. మన పెద్దలు ముడ్డిపూస అనునది దీనినే. గర్భిణీ దశలో కటి ప్రదేశములోని బంధనములు సడలును. ప్రసవ సమయమున శిశువు తల దిగునప్పుడు ఈ ఎముక వెనుకకు వంగి దారి యిచ్చును. బిడ్డ పెద్దదైనను, కాన్పు చాలసేపు సాగినను, ఆయుధము వేసి తీసినను ఇది బెణకవచ్చును, కీలు తప్పవచ్చును, అరుదుగా విరుగవచ్చును. గట్టి చోట కూర్చున్నపుడు పోటు, కూర్చుండి లేచు క్షణమున అది రెట్టింపగుట దీని ముఖ్య లక్షణములు.

ఇంతవరకు తెలిసినదే. చిక్కు ఎక్కడ ననగా, కాన్పు తరువాత నడుము క్రింద వచ్చు ప్రతి నొప్పియు ముడ్డిపూసది కాదు. పిరుదు నుండి మొదలై తొడ, మోకాలు, పిక్క, పాదము వరకు దిగు బాధను మన శాస్త్రము గృధ్రసి అన్నది. నేడు సయాటికా అనుచున్నారు. ఇంకొకటి కలదు. గుహ్య ప్రదేశమునకు పోవు ప్యూడెండల్ నాడి ప్రసవములో సాగి నలిగినపుడు ఆ భాగమున మంట, సూదులు గ్రుచ్చినట్లు పోటు కలుగును. కూర్చున్నపుడు హెచ్చును, నిలుచున్నపుడు తగ్గును. మరుగుదొడ్డి సీటుపై కూర్చున్నచో తగ్గుట, రాత్రి నిద్ర లేపకుండుట దీని ఆనవాళ్లు. ఫ్రాన్సు దేశపు నాంట్ నగరము పేరిట 2008లో వైద్యులు దీని గుర్తులను క్రోడీకరించిరి. మన స్త్రీలు సిగ్గుచే ఈ బాధను “నడుము నొప్పి” అని మాత్రమే చెప్పుదురు. వైద్యుడు వివరముగ అడుగనిచో అసలు సంగతి బయటపడదు. మా గురువుగారు నాడి పట్టుటకు ముందు రోగి కూర్చున్న తీరు చూడుమనెడివారు. ఒక ప్రక్క పిరుదుపై బరువు మోపి ఒరిగి కూర్చున్న తల్లిని చూచినచో సగము నిదానము అక్కడనే తెలియును.

మన సూతికా పరిచర్యను నేను నిండు మనస్సుతో గౌరవింతును. అష్టాంగహృదయము ఒకటిన్నర మాసము వరకు ఆమెను సూతికగానే చూడుమన్నది. ఆ 45 దినముల విశ్రాంతి నేడు ఎందరికి దక్కుచున్నది? ఐనను, ఆచారము పేరిట మనము చేయుచున్న ఒక పనిని నేను సమర్థింపజాలను. పథ్యమని చెప్పి నీరు మానిపించుట, కూరలు మానిపించుట, వెల్లుల్లి కారముతో ఎండు అన్నము పెట్టుట. ఫలితము మలబద్ధము. కటి, వస్తి ప్రదేశములు అపానవాయువుకు స్థానములు. మలము గట్టిపడి ముక్కవలసి వచ్చినచో ఆ వాయువు ప్రకోపించును, ముడ్డిపూస నొప్పి ప్రతి ఉదయము క్రొత్తగా రేగును. బాలింత కాయము పెట్టుడు, వలదనను. కాని దానితోపాటు కాచిన నీరు దాహము తీరునంత, బీరకాయ, ఆనపకాయ, పెసరకట్టు, నెయ్యి కూడ పెట్టవలెను. పాలిచ్చు తల్లికి నీరు తగ్గించుమని నాకు విద్య నేర్పినవారెవ్వరును చెప్పలేదు.

రెండవది కూర్చొను తీరు. గోడకు చేరగిలబడి, కాళ్లు చాచి, బిడ్డను ఒడిలో వేసికొని గంటల కొలది కూర్చొనుట మనకు అలవాటు. అట్లు వెనుకకు వాలినపుడు బరువంతయు ముడ్డిపూసపై పడును. కొంచెము ముందుకు వంగినచో పిరుదుల అడుగు ఎముకలు ఆ బరువును మోయును. నడుమ రంధ్రమున్న గుండ్రని దిండ్లకంటె వెనుక భాగమున కోత పెట్టిన ఏటవాలు దిండు మేలు. కొనలేనివారు రెండు దుప్పట్లను మందముగ మడిచి, వెనుక నాలుగు వ్రేళ్ల సందు విడిచి, వానిపై కూర్చొనవచ్చును. ప్రక్కకు తిరిగి పడుకొని పాలిచ్చుట కొందరు పెద్దలు వలదందురు గాని ఈ నొప్పి కలవారికి అది గొప్ప ఉపశమనము. నిద్ర ముంచుకొని వచ్చునపుడు మాత్రము చెంత ఒకరుండి బిడ్డను తీసికొనవలెను.

కుట్లు పూర్తిగ మానిన తరువాత, వావిలాకు వేసి కాచిన నీటిని గోరువెచ్చగ టబ్బులో పోసి, నడుము మునుగునట్లు 10, 15 నిమిషములు కూర్చొనుట మంచిది. క్షీరబలా తైలము గాని ధాన్వంతర తైలము గాని పైపైన పూసి కాపడము పెట్టవచ్చును. పూయుమంటిని, నొక్కుమనలేదు. నలుగు పెట్టువారు “పూస సరిచేసెదము” అని బొటనవ్రేలితో అదుముట, నడుము మెలిత్రిప్పుట ఎంతమాత్రము కూడదు.

ఇచ్చట నా తోటి వైద్యులు కొందరికి రుచింపని మాట చెప్పవలసియున్నది. ప్రతి నొప్పికిని తైలమే మందు కాదు. కాన్పు తరువాత కటి అడుగు కండరములు కొందరిలో సడలును, కొందరిలో బిగుసుకొనిపోవును. బిగుసుకొన్నవారికి అందరును చెప్పు బిగింపు వ్యాయామము, అనగా మూత్రమును ఆపుకొన్నట్లు బిగబట్టుట, బాధను పెంచును. వారు నేర్వవలసినది వదలుట. పొట్ట నిండునట్లు దీర్ఘముగ శ్వాస తీసికొని మెల్లగ విడుచుచు ఆ కండరములను సడలించుట. ఏది ఎవరికో పరీక్షించి చెప్పగల ఫిజియోథెరపిస్టులు నేడు పెద్ద పట్టణములలో ఉన్నారు. వారివద్దకు పంపుట మన వైద్యమునకు చిన్నతనము కాదు. కూర్చున్నపుడును నిలుచున్నపుడును తీసిన ఎక్స్-రేలను పోల్చినచో ఎముక జరిగినదో లేదో తెలియును. ఎక్కువమందికి శస్త్రచికిత్స అవసరముండదు.

దశమూల కషాయము గాని, గుగ్గులు కలిసిన మందులు గాని, వస్తి చికిత్స గాని పాలిచ్చు తల్లి స్వయముగ మొదలుపెట్టరాదు. పేరు, చిరునామా లేని చూర్ణములను అసలే ముట్టరాదు. ఒక్క పూటలో నొప్పి మాయమైనదని మురియకుడు; అట్టివానిలో స్టెరాయిడ్లు, సీసము కనబడిన ఉదంతములు కలవు. తల్లి తిన్నది బిడ్డకును చేరును.

మరియొక అపోహ. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 60.7 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతము కాన్పులు ఆపరేషనులే. ఆ తల్లులు చాలమంది తమ నడుము నొప్పికి వెన్నులో వేసిన మత్తుసూదియే కారణమని నమ్ముచున్నారు. సూది వేసిన చోట కొన్ని దినములు నొప్పి ఉండవచ్చును. ఏండ్ల తరబడి నొప్పికి అది కారణమని పరిశోధనలు చూపలేదు. నింద సూదిపై వేసి కూర్చున్నచో అసలు కారణము వెదకువారుండరు.

కూర్చొను చోట తిమ్మిరి, మూత్రము గాని మలము గాని ఆగకపోవుట, క్రొత్తగా బిగబట్టి రాకపోవుట, కాలు పట్టు తప్పుట కనబడినచో కషాయము కాచుచు కూర్చొనరాదు. ఆ గంటలోనే పెద్ద ఆస్పత్రికి పోవలెను. జ్వరముతో కూడిన నొప్పిని, ఏ భంగిమలోను తగ్గక రాత్రి నిద్ర పట్టనీయని నొప్పిని ఆలస్యము చేయక చూపవలెను. ఇవేవియు లేకున్నను, మూడు మాసములు దాటిన నొప్పిని దీర్ఘకాలికముగ ఎంచి పరీక్ష చేయింపవలసినదే. నాడులు నొప్పికి అలవాటుపడిన కొలది చికిత్స కష్టమగును.

మరల గర్భము దాల్చిన సోదరీమణులు మొదటి కాన్పులో ముడ్డిపూస దెబ్బతిన్న సంగతిని ప్రసూతి వైద్యురాలికి ముందుగనే చెప్పవలెను. వీలున్నచో వెల్లకిల గాక ప్రక్కకు ఒరిగి కాన్పు జరిపించుమని కోరవచ్చును. అట్లు పడుకొన్నపుడు ఆ ఎముకపై మంచము ఒత్తిడి ఉండదు.