కోడి పొడిస్తే కోడిదేనా తప్పు?

పెంచిన కోడి పొడిచిందంటే దానికి విశ్వాసం లేదని అక్కడికక్కడే తేల్చేసే వాళ్లు మా ఊరు యాడికిలో చాలామందే ఉన్నారు. "మేపిన చేతినే పొడుస్తాంది సూడప్పా" అంటూ మొదలైన మాట "కోసేస్తే పోతాది" అనే దగ్గర ఆగుతుంది. కోడినడిగి మసాలా నూరుతారా అని సామెత ఉండనే ఉంది. కానీ ఒక్కసారి అడిగి చూస్తే బాగుంటుందని నా వాదన. ఎందుకంటే కోడి పోట్లన్నీ ఒకే రకం కావు. కోపంతో పొడిచేది అందులో కొంతే.

కోడికి చేతులు లేవు. పట్టుకోవాలన్నా, తడిమి చూడాలన్నా, రుచి చూడాలన్నా ముక్కే దిక్కు. ఆ ముక్కు కొసలో స్పర్శ తెలిసే నరాలు దట్టంగా ఉంటాయి. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల ఒళ్లారి లేచి నిలబడగానే కంటికానిన చిన్న గుండ్రటి వస్తువునల్లా పొడిచి చూస్తుంది. అది గింజో రాయో పొడిస్తే గానీ తెలియదు మరి. పైగా కోడి చూపు మన చూపు లాంటిది కాదు. రంగులు పట్టే కణాలు మన కంట్లో మూడు రకాలైతే దాని కంట్లో నాలుగు రకాలు. మనకు కనబడని అతినీలలోహిత కాంతి కూడా దానికి కనబడుతుంది.

పొద్దున్నే నాపబండ అరుగు మీద కూర్చుని నూకలు చల్లే అవ్వను చూడండి. పెట్ట వస్తుంది, నాలుగు గింజలు ఏరుతుంది, ఆగుతుంది. తల ఒక పక్కకు వాల్చి ఒంటికన్నుతో అవ్వ కాలివేలి మెట్టెను చూస్తుంది. అడుగు ముందుకేసి, మెడ కొంచెం వెనక్కి లాగి, టక్కున ఒక్కటి. "ఛీ నీ పాడుగాను" అని అవ్వ కాలు వెనక్కి తీసుకుంటుంది. పెట్ట మళ్లీ నూకల్లో పడుతుంది. ఇందులో పగ ఎక్కడుంది? మెరిసేది తినేదేమోనని చూసింది, కాదని తెలుసుకుంది. ఉంగరం రాయి, గోళ్ల రంగు, చేతి మీది పుట్టుమచ్చ, పుండు మీది పెచ్చు, అన్నిటి సంగతీ ఇంతే. పుండును మాత్రం కప్పుకోవాలి. ఎర్రగా నెత్తురు కనబడితే సాటి కోడినే వదలవు, మనల్ని వదులుతాయా?

అరచేతిలో గింజలు పోసి తినిపించడం ఇంకో సంగతి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. నాలుగు రోజులకు చెయ్యి అంటే గింజ అని కోడికి అలవాటైపోతుంది. ఆ తర్వాత ఉత్త చెయ్యి చాపినా పొడుస్తుంది. పాఠం చెప్పింది మనం, తిట్లు దానికి.

ఈ కరువు సీమలో కోళ్లకు మనం వేసింది ఎప్పుడూ తక్కువే. ఏడాదికి అయిదారు వందల మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల ఇది. శనక్కాయ కళ్లంలో రాలిన కాయలు, పేడదిబ్బలో పురుగులు, గోడవార చెదలు. పొద్దస్తమానం కాళ్లతో కెలికి, ముక్కుతో పొడిచి తమ కడుపు తామే నింపుకునేవి. ఇంగ్లండులో మరియన్ డాకిన్స్ అనే శాస్త్రవేత్త 1989లో అడవికోళ్ల మీద రాసిన పత్రం ప్రకారం, వాటికి మేత వేసినా పగటిపూట సగానికి పైగా సమయంలో అవి నేలను పొడుస్తూనే కనిపించాయి. అంటే పొడవడం ఆకలితో మాత్రమే చేసే పని కాదు. ఇప్పుడు వాకిలంతా సిమెంటు చేసి, మిద్దె మీద ఇనుప జాలీలో నాలుగు కోళ్లను పెట్టి, గిన్నెలో ఫారం దాణా పోస్తున్నాం. దాణా పది నిమిషాల్లో అయిపోతుంది. మిగతా పగలంతా ఏం పొడవాలి? పక్కదాని ఈకలు, లేదంటే తలుపు తీసిన మన కాళ్లు. ఫారాల వాళ్లు దీనికి కనిపెట్టిన వైద్యం ముక్కు కొస కత్తిరించడం. ఇందాక నరాలు దట్టంగా ఉంటాయని చెప్పింది ఆ కొసలోనే. అంతకంటే రోజూ ఒక ఆకుకూర కట్ట జాలీకి వేలాడదీయడం, ఒక మూల మట్టి పోయడం చవక.

గుంపులో ఎవరు ఎవరిని పొడవాలన్నదానికీ లెక్కుంది. నార్వే దేశస్థుడు షెల్డెరుప్ ఎబ్బె చిన్నతనం నుంచే ఇంటి కోళ్లను గమనిస్తూ, ఏది దేన్ని పొడిచిందో రాసిపెట్టుకున్నాడు. 1922లో దాన్ని పత్రంగా అచ్చేశాడు. పై దానిది ముందు మేత, కింది దానికి పోట్లు. మన ఆఫీసుల సంగతి నేను ఎత్తను.

గంపలో గుడ్లు పొదుగుతున్న పెట్ట పొడిస్తే దాన్ని తప్పుపట్టకండి. ఇరవై ఒక్క రోజులు అది సరిగ్గా మేతకు కూడా లేవదు. ఆ గంపలో చెయ్యి పెట్టడం మనదే తప్పు.

అసలు చిక్కు పుంజుతోనే. ముక్కుతో పాటు కాలి ముల్లు, రెక్కల దెబ్బ కూడా దానికి ఆయుధాలే. అందులోనూ అసీల్ జాతిని మన తెలుగు నేల మీద తరతరాలుగా పందేల కోసమే ఏరి ఏరి పెంచాం. పిల్లలు తువ్వాలు ఆడించి దాన్ని రెచ్చగొడుతుంటే పెద్దలు నవ్వుతూ చూస్తారు. తర్వాత అదే పుంజు బడికి పోయే పాప మీదికి ఎగిరితే కర్ర తీస్తారు. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో పందేనికి కత్తి కట్టిన పుంజు తప్పించుకోబోతే, ఆ కత్తి తగిలి మనిషి చనిపోయాడు. పుంజును గొల్లపల్లి పోలీస్ స్టేషన్లో ఉంచి మేపారు. కత్తి దానంతటది కట్టుకోలేదు కదా!

మీదికొచ్చే పుంజును తన్నకండి. తన్నితే పోట్లాటకు మీరు సిద్ధమన్నట్టే దానికి. వెన్నిచ్చి పరుగెత్తినా గెలిచాననుకుంటుంది. నిలబడి, గంపో చేటో అడ్డం పెట్టి నెమ్మదిగా పక్కకు నెట్టండి. అయినా మానని పుంజుతో పిల్లలు తీయించొద్దు, ఆ గుణం సంతానానికి దిగుతుంది. అలాంటి దాన్ని కూర వండుకున్నా నాకు అభ్యంతరం లేదు. విశ్వాసం లేదన్న నింద మాత్రం వేయకండి.

ఇంట్లో కాళ్ల నరాలు ఉబ్బిన పెద్దవాళ్లుంటే కొంచెం జాగ్రత్త. ఆస్ట్రేలియాలో గుడ్లు ఏరుకుంటున్న ఒక ముసలామెను పుంజు కాలి మీద పొడిస్తే, ఉబ్బిన నరం తెగి నెత్తురు పోయి ఆమె చనిపోయిందని 2019లో అక్కడి వైద్యులు రాశారు. అరుదైన సంగతే, కానీ జరిగింది. నెత్తురు కారితే పడుకోబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి ఆస్పత్రికి తీసుకుపోండి. చిన్న గాటైతే సబ్బుతో కడిగి, ధనుర్వాతం సూది వేయించుకోవాలేమో అడగండి. పసిపిల్లల ముఖాన్ని మాత్రం ఏ కోడి దగ్గరికీ పోనివ్వకండి. వాళ్ల కళ్లు కూడా మెరుస్తాయి.