తెల్లబారిన పగడం

దివ్య ఖుర్ఆన్‌లోని అర్రహ్మాన్ సూరాను కంఠస్థం చేసే పిల్లలు ఇరవై రెండవ వాక్యం దగ్గర తప్పకుండా ఆగి ఒక ప్రశ్న వేస్తారు. అక్కడ సముద్రాల నుండి వెలువడే వస్తువులుగా ముత్యంతో పాటు ‘మర్జాన్’ ప్రస్తావన ఉంది. ముత్యమంటే వారికి తెలుసు. మర్జాన్ అంటే పగడమని చెప్పగానే, “పగడం రాయా, చెట్టా?” అని అడుగుతారు. పూర్వ వ్యాఖ్యాతలలో కొందరు ఆ పదానికి చిన్న ముత్యాలన్న అర్థం కూడా చెప్పారు. అది వేరే చర్చ. పిల్లల ప్రశ్నకు జవాబు మాత్రం సూటిగానే ఉంది: పగడం రాయి కాదు, చెట్టు కాదు, జంతువు. మనం చేత పట్టుకుని చూసే గట్టి భాగం ఆ జంతువు తన కోసం కట్టుకున్న ఇల్లు.

మన గోదావరి సముద్ర తీరంలో పగడపు దిబ్బలు లేవు. ధవళేశ్వరం దిగువన గౌతమిగా, వశిష్ఠగా చీలిన నది తనతో తెచ్చే మంచినీరు, ఒండ్రు వాటికి గిట్టవు. వాటికి తేటనీరు కావాలి, వెలుతురు కావాలి, హెచ్చుతగ్గులు లేని ఉప్పదనం కావాలి. అందువల్ల మన దేశంలో అవి మన్నార్ సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో, అండమాన్ నికోబార్, లక్షద్వీపాలలో విస్తరించాయి గాని అంతర్వేది దగ్గర విస్తరించలేదు. అయినప్పటికీ ఈ నెల శీర్షికను పగడాలకు కేటాయించడానికి మాకు ఒక కారణం ఉంది.

కోనసీమ నుండి, పశ్చిమ గోదావరి నుండి గల్ఫ్ దేశాలకు ఇంటి పనికి వెళ్ళినవారు మన పాఠక కుటుంబాలలో ఎందరో ఉన్నారు. మా వద్ద చదువుకుని, ఆ తర్వాత కొన్నేళ్ళు భీమవరం పరిసరాలలో రొయ్యల చెరువు మీద మేత వేస్తూ, కాపలా కాస్తూ గడిపిన ఒక యువకుడు ప్రస్తుతం కువైట్‌లో ఒక ఇంట పనిచేస్తున్నాడు. ఆ ఇంటి హాలులో ఆరడుగుల అద్దాల తొట్టి ఉంది. అందులో సముద్రపు చేపలు, బతికి ఉన్న పగడాలు ఉన్నాయి. దాని సంరక్షణను అతనికి అప్పగించారు. ఉన్నట్టుండి పగడాలు తెల్లబారసాగాయి. యజమాని ఇతని నిర్లక్ష్యమే కారణమని నిశ్చయించుకుని, నష్టాన్ని జీతంలో విరగ్గొడతానన్నాడు. “హజ్రత్, అక్వేరియం దుకాణం వాళ్ళు మూడు సీసాల మందు ఇచ్చారు. మూడూ పోసేయమంటున్నారు. మీరు దుఆ చేయండి” అని అతను ఫోను చేశాడు. దుఆ చేస్తామన్నాము. సీసాల మూతలు మాత్రం అప్పుడే తీయవద్దన్నాము.

పగడాల విషయం మదరసా ఉపాధ్యాయుని అడగడమేమిటని పాఠకులు అనుకోవచ్చు. మా బంధువర్గంలో సగం మంది చెరువుల మీద బతికేవారే. నీటి పరీక్షల మాటలు మా ఇంట భోజనాల దగ్గర కూడా వినిపిస్తాయి. అద్దాల తొట్టి అయినా, ఎకరం చెరువు అయినా కట్టడి చేసిన నీరే. అందులోని ప్రాణి బాగోగులకు ముందుగా ఆ నీరే సాక్ష్యం చెబుతుంది.

మొదట వ్యాధి లక్షణాన్ని సరిగా గుర్తించాలి. ‘తెల్లబారింది’ అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు స్థితులు దాగి ఉన్నాయి. పగడపు ఒంటిలో కంటికి కనబడనంత సూక్ష్మమైన నాచు నివసిస్తుంది. అది వెలుతురుతో ఆహారం తయారు చేసి, అందులో అధిక భాగాన్ని పగడానికి ఇస్తుంది. పగడానికి కనిపించే గోధుమ ఛాయ చాలా వరకు ఆ నాచుదే. వేడి గాని, మితిమీరిన వెలుతురు గాని తగిలినప్పుడు పగడం ఆ నాచును బయటకు నెట్టేస్తుంది. అప్పుడు దాని ఒళ్ళు గాజులా పారదర్శకమై, లోపలి తెల్లని అస్థిపంజరం బయటకు కనిపిస్తుంది. ఇది ఆకలితో ఉన్న పగడం. చనిపోయిన పగడం కాదు. రెండవ స్థితిలో ఒంటి మీది కండ పొరలుగా ఊడిపోయి, కేవలం ఎముకే మిగులుతుంది. కొద్ది రోజులలోనే దాని మీద పచ్చని పాచి పడుతుంది. దగ్గరగా చూస్తే మొదటి దానిలో పలుచని జిగురు పొర, ముడుచుకున్న చిన్న చిన్న వేళ్ళు కనబడతాయి. రెండవ దానిలో ఏమీ కనబడదు.

తొట్టి దీపాలు ఆర్పిన గంట తర్వాత చిన్న టార్చితో చూడమని ఆ యువకునికి చెప్పాము. చాలా పగడాలు రాత్రివేళ వేళ్ళు చాస్తాయి. తెల్లవారుజామున మూడింటికి చెరువు గట్టు మీద రొయ్య తేలిందా అని టార్చి వేసి చూసినవాడికి ఈ పని కొత్త కాదు. చూసి చెప్పాడు: తెల్లబారిన వాటిలో ఎక్కువ భాగం వేళ్ళు చాస్తున్నాయి. అంటే ప్రాణం ఉంది.

ఇక ప్రశ్నలు. అన్నీ తెల్లబారాయా, కొన్నేనా? అన్నీ ఒక్కసారిగా కుంగిపోతే నీటిని అనుమానించాలి. ఒకటి రెండు మాత్రమే అయితే అవి ఉన్న చోటును, వాటి పొరుగును అనుమానించాలి. పగడాలకు కూడా పొరుగుపోరు ఉంటుంది. కొన్ని జాతులు రాత్రివేళ పొడవాటి తీగలు చాచి పక్కదాన్ని కుడతాయి. తొట్టిలోని నత్తలు, చిన్న రొయ్యలు ఎలా ఉన్నాయి? ఇది మేము పట్టుబట్టి అడిగిన ప్రశ్న. నీటిలో రాగి చేరితే చేపల కన్నా ముందు నత్తలు, రొయ్యలు చస్తాయి. నత్తలు అద్దం మీద చక్కగా పాకుతున్నాయని, రొయ్యలు మేతకు వస్తున్నాయని అతను చెప్పాడు. అడుగున నీడలో ఉన్న పగడాలు ఎప్పటిలాగే ఉన్నాయట. తెల్లబారినవన్నీ పై వరుసలోనివే.

ఈ దశలో నీటి పరీక్ష చేయించాము. రోగి మాటలు విన్న తర్వాత కూడా నాడి చూడవలసిందే గదా. తొట్టి వేడి 25, 26 డిగ్రీల మధ్య ఉండాలి. ఉప్పదనం 35 పీపీటీ ఉండాలి. అమ్మోనియా ఆనవాలు కూడా ఉండరాదు. ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం అనే మూడింటిని కలిపి చదవాలి. పగడం తన ఇంటిని కట్టుకునేది కాల్షియం కార్బొనేట్‌తోనే. రొయ్య తన పెంకును గట్టిపరచుకునేదీ దానితోనే. బోరు నీటితో తక్కువ ఉప్పదనంలో వనామీ పెంచే మన రైతులకు తెలుసు, మెగ్నీషియం, పొటాషియం తగ్గితే రొయ్య పాత పెంకు వదిలిన తర్వాత కొత్త పెంకు గట్టిపడక, ఒళ్ళు మెలికపడి చస్తుంది. అందుకే చెరువులో మినరల్స్ చల్లుతారు. పగడపు తొట్టిలో కాల్షియం 400 నుండి 450 పీపీఎం వరకు, మెగ్నీషియం 1300 పీపీఎం దరిదాపుల్లో ఉంచుతారు. మెగ్నీషియం పడిపోతే కాల్షియం, కార్బొనేట్ నీటిలో నిలవక సుద్దగా పేరుకుపోతాయి. అప్పుడు ఎంత కాల్షియం పోసినా లెక్కకు అందదు.

ఆల్కలినిటీ విషయంలో అతను కంగారుపడ్డాడు. చెరువు మీద 120, 150 అనే అంకెలు విన్నవాడికి ఆ ఇంటి కిట్టు 8 అని చూపింది. అక్కడ వాడే కొలత డీకేహెచ్. ఒక డీకేహెచ్ అంటే సుమారు 18 పీపీఎం. కాబట్టి 8 అంటే 143. అది దివ్యంగా ఉన్నట్టే. ఈ లెక్క తెలియక ఒక్క రోజులో 8ని 14కు పెంచి ఉంటే మిగిలిన పగడాల కొసలు కూడా మాడిపోయేవి. దీన్ని పెంచవలసి వచ్చినా రోజుకు ఒక డీకేహెచ్‌కు మించి పెంచరాదు. అసలు ఈ అంకె ఎంత ఉందన్న దాని కన్నా ఎంత నిలకడగా ఉందన్నదే ముఖ్యం. పరీక్ష కూడా ప్రతిరోజూ ఒకే వేళకు చేయాలి. చెరువులో పీహెచ్ తెల్లవారి తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉన్నట్టే తొట్టిలోనూ మారుతుంది. ఉదయపు అంకెను నిన్నటి సాయంత్రపు అంకెతో పోల్చి బెంబేలెత్తడం అనవసరం.

ఉప్పదనం కొంచెం ఎక్కువగా, 37 వచ్చింది. ఏసీ గదిలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. తగ్గిన నీటి స్థానంలో ఉప్పు కలపని శుద్ధమైన నీటినే పోయాలి. అతను లేని రోజుల్లో ఇంకొకరు ఉప్పునీరు పోస్తున్నారని తేలింది. ఇది సరిదిద్దవలసిన లోపమే. కాని ఉప్పదనమే అసలు కారణమైతే అడుగున ఉన్నవి మాత్రం ఎందుకు క్షేమంగా ఉన్నాయి? నీరు పై వరుసకూ కింది వరుసకూ ఒక్కటే గదా. పై వరుసకు ఎక్కువగా అందేది ఒక్కటే, వెలుతురు.

“నాయనా, తెల్లబారక ముందు ఆ తొట్టిలో ఏం మార్చారు?” అని అడిగాము. కాసేపు ఆలోచించి, “నీటిలో ఏమీ మార్చలేదు హజ్రత్. పైన పాత ట్యూబులు తీసేసి కొత్త ఎల్‌ఈడీ లైట్లు బిగించారు” అన్నాడు. బిగించి రెండు వారాలైంది. మొదటి రోజు నుండే పూర్తి శక్తితో, రోజుకు పన్నెండు గంటలు వెలుగుతున్నాయి. మితిమీరిన వెలుతురులో ఆ సూక్ష్మమైన నాచు పగడాన్ని బాధించే రూపంలో ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. ఆ బాధ తాళలేకనే పగడం దాన్ని గెంటివేస్తుంది.

యజమాని ఈ మాటను వెంటనే ఒప్పుకోలేదట. కువైట్ సముద్రంలోని పగడాలు ఎండాకాలపు వేడిని, వెలుగును భరించడం లేదా అన్నది ఆయన వాదం. కుబ్బర్, ఖారూహ్, ఉమ్ముల్ మరాదిమ్ దీవుల చుట్టూ పగడాలు ఉన్నమాట నిజం. గల్ఫ్ పగడాలు ఇతర సముద్రాల పగడాలు తట్టుకోలేని వేడిని తట్టుకునేవన్నదీ నిజమే. అయితే దుకాణాలలో అమ్మే పగడాలలో అధిక భాగం ఇండోనేషియా, ఆస్ట్రేలియా వంటి చోట్ల నుండి వస్తాయి. ఇక స్థానికమైనవైనా, అలవాటు పడిన హద్దు దాటితే ఏ పగడమూ నిలవదు. మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ వేడి కొన్ని వారాల పాటు నిలిచినా చాలు. 1998లో, 2010లో, 2016లో మన లక్షద్వీపాల పగడాలు తెల్లబారింది సముద్రం వేడెక్కడం వల్లనే.

చికిత్సలో సీసాలకు చోటు లేకపోయింది. లైట్ల శక్తిని సగానికి తగ్గించి, వేళను ఎనిమిది గంటలకు కుదించి, ఆ తర్వాత వారానికి కొద్దికొద్దిగా పెంచమన్నాము. ఉప్పదనాన్ని రెండు మూడు రోజులలో మెల్లగా 35కు దించమన్నాము. నాచును పోగొట్టుకుని పస్తులున్న పగడానికి ఆహారం ఇవ్వాలి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్లలు అందుకు బాగుంటాయి. కాకినాడ తీరంలోని హేచరీలలో రొయ్య పిల్లలకు వేసే మేతే అది. గుడ్లను ఉప్పునీటిలో గాలి కొడుతూ ఉంచితే ఇంచుమించు ఒక రోజులో పిల్లలవుతాయి. ఈ పని అతను కళ్ళు మూసుకుని చేయగలడు. ఒకేసారి నాలుగు మార్పులు చేయవద్దనీ, చేసిన ప్రతిదీ తేదీతో సహా పుస్తకంలో రాయమనీ చెప్పాము.

ఆ మూడు సీసాల పేర్లు చదివించి వింటే, ఒకటి చేపల మచ్చల వ్యాధికి వాడే రాగి మందు. అది పోసి ఉంటే నత్తలు, రొయ్యలు, మిగిలిన పగడాలు అన్నీ పోయేవి. మన డెల్టాకు ఈ కథ తెలియనిది కాదు. 1994 తర్వాత తెల్లమచ్చ వ్యాధి టైగర్ రొయ్యను తుడిచిపెట్టినప్పుడు, వైరస్‌కు మందే లేకపోయినా, ఎవరు ఏ డబ్బా తెచ్చి చూపితే అది చెరువులో పోసి అప్పుల పాలైన కుటుంబాలను మేము ఎరుగుదుము. ఆపై నిషేధిత యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయని విదేశాలు మన సరుకును తిప్పి పంపిన సందర్భాలూ ఉన్నాయి. అమ్మేవాడికి సీసా అమ్ముడైతే చాలు. చెరువు పోయినా, తొట్టి పోయినా భారం మోసేది గట్టు మీద నిలబడినవాడే.

పిల్లిని కట్టేసి, మేత వేయక, వదలక చంపిన స్త్రీకి కలిగిన గతిని దైవప్రవక్త (స) తెలియజేసిన హదీసు మన పిల్లలందరికీ తెలుసు. అద్దాల మధ్య బంధించిన ప్రాణి కూడా అమానతే. ఆ అమానతు తొట్టి కొన్న యజమానిది. తెలియని పనిని నౌకరుకు అప్పగించి, నేర్పించకుండా, నష్టం రాగానే జీతంలో విరగ్గొట్టడం న్యాయం కాదని మా అభిప్రాయం. యువకుడు తన పుస్తకాన్ని, లైట్లు మార్చిన తేదీని చూపాక యజమాని జీతం జోలికి పోలేదు, అల్‌హమ్దులిల్లాహ్. ఐదు వారాలకు పై వరుసలోని పగడాలలో చాలా వాటి మొదళ్ళలో గోధుమ రంగు తిరిగి కనబడింది. రెండు మాత్రం దక్కలేదు.

ఇది చదివి మన ఇళ్ళలోనూ పగడాలు పెంచాలని ఉబలాటపడే పిల్లలు ఉంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ, నల్ల పగడాలనూ, సముద్రపు విసనకర్రలనూ 2001లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. సముద్రం నుండి తీయడం, అమ్మడం నేరం. తీర ప్రాంతాలకు విహారానికి వెళ్ళినప్పుడు షోకేసులో పెట్టుకోవడానికని అమ్మజూపే ఎండిన తెల్లని కొమ్మలు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. ఎవరైనా ఇవ్వజూపితే తీసుకోకండి.