నీటి పటాలు ఊరి గోడ మీదికి రావాలని వినతి

గౌరవనీయులైన చిత్తూరు జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,
(పలమనేరు రెవెన్యూ డివిజనల్ అధికారి గారి ద్వారా)

పలమనేరు ప్రాంత చెరువుల ఆయకట్టు రైతులు, బోర్ల కింద సేద్యం చేసుకునేవారు విన్నవించుకునేది.

అయ్యా,

మా నీళ్ల లెక్క ప్రభుత్వం దగ్గర లేదని మేము అనడం లేదు. భూగర్భ జల శాఖ పీజోమీటర్లు నీటిమట్టాన్ని నమోదు చేస్తున్నాయి. వాన, చెరువు, భూగర్భ జలం అన్నీ రాష్ట్ర జలవనరుల సమాచార వ్యవస్థ అయిన ఏపీడబ్ల్యూఆర్‌ఐఎంఎస్ తెర మీద రంగుల పటాలై కనిపిస్తాయి. 2022 నుంచి జల్‌దూత్ యాప్‌లో ఊరి బావుల మట్టాన్ని వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి ఎక్కిస్తున్నారు. బోరు ఎక్కడ వేయాలి, ఏ పంట పెట్టాలి, ఏ చెరువు ముందు నింపాలి అని తేల్చుకునే రచ్చబండ దగ్గర మాత్రం ఆ పటం ఉండదు. మా గోడు అది.

ఉన్న పటం కూడా మమ్మల్ని సరిగా చూపదు. జిల్లాలో తూర్పు మండలాలకు ఈశాన్య రుతుపవనాల వాన బాగా దక్కుతుంది, పడమటి మెట్ట మీదున్న మాకు అంత రాదు. రెంటినీ కలిపి సగటు తీసి 'సాధారణ వర్షపాతం' అంటే మా కుంటలు నిండవు. మండలానికంతా ఒకే రంగు వేసినా ఇదే తంటా. మా నేల కింద ఉన్నది గట్టి రాయి, నీళ్లుండేది పై వదులు పొరలోనూ రాతి పగుళ్లలోనూ. గుట్టకు ఇవతల నీళ్లు పడిన లోతుకు అవతల దుమ్ము లేస్తుంది. తోడుకోదగిన నీటిలో 70 శాతం లోపు వాడితే 'సురక్షితం', 100 దాటితే 'అతి వినియోగం' అన్న ముద్రను మండలం మొత్తానికి కాక వంకల వారీగా, చెరువు పరీవాహకాల వారీగా వేయించండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ (వాల్టా) చట్టం కింద బోరుకు అనుమతి అడిగిన రైతుకు అప్పు చేయకముందే ఆ ముద్రలున్న పటం చూపించాలి. మట్టాన్ని మీటర్లలో కాక అడుగుల్లో రాయించండి, ఈ మే నెల పక్కన గడచిన పదేళ్ల మే నెలలనూ గీయించండి. కొలత తీయని నెల ఉంటే అంచనాతో పూడ్చకుండా ఖాళీగానే వదలండి, ఆ ఖాళీ కూడా మాకు తెలియాల్సిందే.

ఇది కొత్త కోరిక కాదు. రైతులే భూగర్భ జలాన్ని చూసుకునేలా 2003లో మొదలైన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ పథకం నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, వాటిలో మన చిత్తూరూ ఉంది. రైతులే వాన కొలిచారు, బావుల మట్టం కొలిచారు, ఊరి బోర్డుల మీద రాసుకున్నారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, అనుకున్న పంటలకు కావలసినవెన్ని అని లెక్క వేసుకున్నారు. ఎవరూ ఎవరినీ నిర్బంధించకపోయినా చాలాచోట్ల వరి తగ్గింది. ఆంక్షలతో సాధించలేనిది ఒక బోర్డు సాధించిందని మా నమ్మకం.

హంద్రీనీవా కాలువ నీళ్ల విషయంలో మా తొందర ఎక్కువ. 2025 ఆగస్టు 30న కుప్పంలో ముఖ్యమంత్రి గారు ఆ నీళ్లకు జలహారతి ఇచ్చారు, మాకూ సంతోషమే. పుంగనూరు బ్రాంచి నుంచి చీలి మా పలమనేరు మీదుగా కుప్పం పోయే కాలువ 110 చెరువులకు నీరివ్వాలన్నది ప్రణాళిక. ఈ వారం ఏ చెరువుకు ఎంత చేరింది, తర్వాతి వంతు ఎవరిది అన్నది మాత్రం ఊళ్లో పుకారుగానే తెలుస్తోంది, పుకారు గొడవవుతోంది. బస్టాండులో రూటు బోర్డులా కాలువను ఒక గీతగా గీసి, చెరువుల పేర్లు వరసగా రాసి, ఎంత నిండిందో వారం వారం చూపించండి. మరవ పారిన చెరువుకు మళ్లీ నీళ్లు వదిలి, పక్క చెరువును ఎండబెట్టే పని అప్పుడు దాగదు.

అటవీ శాఖకూ ఒక మాట చెప్పండి. కౌండిన్య అభయారణ్యంలో నీటికుంటలు ఎండే నెలలనూ, ఏనుగులు పొలాల్లో పడే నెలలనూ ఒకే పటం మీద వేయిస్తే, అడవిలో ఎక్కడ నీళ్లు నింపాలో తేల్చడం తేలికవుతుంది.

ప్రతి గ్రామ సచివాలయం, రైతు సేవా కేంద్రం గోడ మీద ఇలాంటి బోర్డు రాయించి, నెల నెలా దిద్దే బాధ్యత ఒక ఉద్యోగికి రాతపూర్వకంగా అప్పగించవలసిందిగా ప్రార్థన. వచ్చే మే నెల జల్‌దూత్ కొలతలతో మొదలుపెట్టినా చాలు. సున్నం, రంగుల ఖర్చు మేమే పెట్టుకుంటాము.

ఇట్లు,
తమ విధేయులు,
పలమనేరు ప్రాంత రైతులు