స్టేషన్‌కు వెలుగు, అరీనా చుట్టూ పార్కింగ్

డెట్రాయిట్‌ను చూసి జాలిపడటం ఒకప్పుడు అమెరికాలో అలవాటు. 1950లో పద్దెనిమిదిన్నర లక్షల జనంతో కిటకిటలాడిన ఈ కార్ల నగరం 2013లో దాదాపు 1,800 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా తీసింది. ఇవాళ దాని నడిబొడ్డు మళ్లీ కళకళలాడుతోందంటే, 2010లో తన గృహరుణాల కంపెనీ ఉద్యోగులను శివార్ల నుంచి అక్కడికి తరలించి, పాత భవనాలను చవగ్గా కొనేసిన డాన్ గిల్బర్ట్‌కు అందులో పెద్ద వాటా ఉంది (పుణ్యంతోపాటు లాభమూ ఆయనదే లెండి). అక్కడికి కాస్త పడమరగా, 1988లో చివరి రైలు వెళ్లిపోయాక అద్దాలు పగిలి, గోడల నిండా రాతలతో మిగిలిన మిషిగన్ సెంట్రల్ స్టేషన్‌ను ఫోర్డ్ 2018లో కొని, 2024 జూన్‌లో తలుపులు తెరిచింది. దీనికి పన్ను రాయితీలు అందాయి. ఫలితం కళ్లెదుటే ఉంది కాబట్టి సణగడానికి లేదు. లిటిల్ సీజర్స్ అరీనా సంగతి వేరు. 30 కోట్ల డాలర్లకు పైగా ప్రజాధనం మింగి 2017లో తెరుచుకున్న ఆ హాకీ స్టేడియం చుట్టూ ఇళ్లు, దుకాణాలతో ఐదు కొత్త పేటలు వెలుస్తాయని రంగురంగుల పటాలు చూపించారు. వెలిసినవాటిలో ఎక్కువ పార్కింగ్ స్థలాలే. అయినా 2023లో ఆ పటాలు చూపించినవాళ్లకే, మరో భాగస్వామితో కలిపి, ఇంకో పెద్ద రాయితీల మూటను నగర కౌన్సిల్ ఆమోదించింది. సంతకానికి ముందు ఆ పాత పటాలను బల్ల మీద పరిచి, ఇళ్లెక్కడో వేలుపెట్టి చూపించమనాల్సింది.