తెగిన హవాలా

హవాలా అనగానే తెలుగు పేపర్లు చదివేవాళ్ళకి నోట్ల కట్టలు, పోలీసు దాడులు గుర్తొస్తాయి. మన ఇళ్ళలో ఆ లఫ్జ్‌కి ఇంకో మానీ ఉంది. ఒక బాత్ చెప్పి, అది ఏ కితాబులో, ఏ సఫాలో ఉందో చూపిస్తే అది హవాలా ఇవ్వడం. ఒక చీజ్‌ని నమ్మకంగా ఇంకొకరి చేతిలో పెడితే అది హవాలే కర్నా. రెండూ కలిపి జరా సోచో. హవాలా ఇచ్చినవాడు చదివేవాడిని ఇంకో సఫా చేతిలో పెడుతున్నాడు. తీరా వెళ్తే అక్కడ సఫాయే లేకపోతే?

ప్రోగ్రామింగ్ భాషల రెఫరెన్స్ కితాబుల్లో ఈ ధోకా మామూలైపోయింది. పైథాన్‌నే తీసుకోండి. దాని డాక్యుమెంటేషన్ స్ఫింక్స్ అనే సాధనంతో తయారవుతుంది. పైథాన్ కోసమే జార్జ్ బ్రాండ్ల్ దాన్ని తయారు చేసి 2008లో విడుదల చేశారు. రాసేవాళ్ళు ఒక పేరు రాసి, ఇది ఫంక్షన్ అని గుర్తు పెడితే చాలు, లింకు స్ఫింక్సే కడుతుంది. ఆ పేరు ఎక్కడా దొరక్కపోతే? మామూలుగా ఏమీ అనదు. పేరుని కోడ్ అక్షరాల్లో అచ్చేసి ఖామోష్‌గా ఉండిపోతుంది. చూడ్డానికి అంతా బరాబర్, నొక్కితే ఏమీ లేదు. ‘నిట్‌పికీ’ అనే సెట్టింగ్ పెడితేనే నోరు విప్పుతుంది. నిట్‌పికీ అంటే ప్రతి చిన్నదానికీ వంకలు పెట్టేవాడు. సచ్ చెప్పే సెట్టింగ్‌కి పెట్టిన పేరు అదీ!

“ఇది కూడా ఓ సమస్యేనా భాయ్? కోడ్ నడుస్తోంది కదా” అనేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. వాళ్ళ పక్క సీట్లో అడగడానికి సీనియర్ ఉంటాడు. మన మొహల్లా పిల్లలకి ఎవరున్నారు? ఆదివారాలు నేను పైథాన్ చెప్పే పిల్లల్లో ఇంటర్ చదివే ఒక పాప ఉంది. కోచింగ్‌కి పైసల్లేవు, ఫోన్‌లో ఆ కితాబే దానికి ఉస్తాద్. లింకు లేని పేరు కనిపిస్తే ఆ పాప కితాబుని తప్పు పట్టదు. “నాకు ఇంగ్లిష్ సరిగా రాదు కదా భాయ్, అందుకే అర్థం కాలేదేమో” అంటుంది. అసలు నుక్సాన్ ఇదే. కసూర్ కితాబుది, షర్మిందగీ పాపది.

“ఇప్పుడు డాక్యుమెంటేషన్ ఎవరు చదువుతున్నారు, ఏఐని అడుగుతున్నారు” అన్నది ఇంకో బహానా. ఏఐ గాలిలోంచి నేర్చుకుందా? అదీ ఈ కితాబులు చదివే నేర్చుకుంది. పైగా దాని జవాబు సహీనా గలతా అని చూసుకోవడానికి చివరికి రెఫరెన్సే తెరవాలి. తరాజే వంకరైతే తూకం ఎలా సరిపోతుంది?

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది, దీన్ని కొత్తవాళ్ళకి పారేసే చిల్లర పని అనుకోవడం. తెగిన హవాలా ఒకే రకం కాదు. కొన్నిచోట్ల స్పెల్లింగ్ తప్పు. కొన్నిచోట్ల పేరు సగమే ఉంటుంది. ‘రీడ్’ అని రాస్తే ఏ క్లాస్‌లోని రీడ్? ఇంకొన్నిచోట్ల ఆ ఫంక్షన్ భాషలో ఉంది గానీ దాని గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఈ మూడోదే అసలు మర్జ్. అక్కడ లింకు కాదు, సఫాయే రాయాలి. పేరు ముందు ఒక ఆశ్చర్యార్థకం పెడితే స్ఫింక్స్ వెతకడం మానేస్తుంది, హెచ్చరికా పోతుంది. తీసేసిన పాత ఫంక్షన్లకి అది జాయజే. రాయాల్సినచోట కూడా అదే పెడితే మరీజ్ నోరు మూసి బుఖార్ తగ్గిందన్నట్టే. మెషీన్ దర్వాజా ఉందా లేదా అనే చూస్తుంది, అది సరైన ఇంటిదా కాదా చూడలేదు. దానికి తెలిసిన మనిషి కావాలి.

సరిచేయడం నాముమ్‌కిన్ అనకండి. రస్ట్ భాషలో 2020 నవంబర్‌లో వచ్చిన 1.48 నుంచి పేరు రాస్తే చాలు లింకు దొరుకుతుంది, తెగితే అడక్కుండానే హెచ్చరిస్తుంది. పైథాన్ వాళ్ళూ దారి వెతికారు. ఇంకా బాగుపడని ఫైళ్ళ ఫెహరిస్త్ ఒకటి పెట్టుకున్నారు. అందులో లేని ఫైల్‌లో కొత్త హవాలా తెగితే పరీక్షలోనే ఆగిపోతుంది. పాత అప్పు మెల్లగా తీరుతుంది, కొత్త అప్పు పుట్టదు. 2023లో 3.12తో డిస్ట్‌యుటిల్స్ మాడ్యూల్‌ని తీసేసినా, దాని పేరుతో ఇప్పుడు ఒక చిన్న సఫా ఉంది. ఇది పోయింది, 3.11 దాకా ఉండేది అని చెబుతుంది. ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు దర్వాజాకి చీటీ అంటించి వెళ్ళినట్టు. తమీజ్ అంటే అదీ.

మీ ఇళ్ళలో సాఫ్ట్‌వేర్ కొలువు చేసే బేటా బేటీలు ఉంటే ఒక్క మాట అడగండి: మీ ప్రాజెక్టులో ఆ హెచ్చరిక ఆన్‌లో ఉందా? లేకపోతే ఈ వారమే పెట్టించండి. ఎవరైనా పది హవాలాలు బాగుచేసి తెస్తే “చిన్న పనే కదా” అని నవ్వకండి. కొత్త ఫీచర్ రాసినవాడి పక్కనే అతని పేరూ రాయండి. చదివేవాడిని నడిదారిలో వదిలేయని కితాబుకే ఇజ్జత్ ఉంటుంది.