కల్బా కబుర్లు: ఏనుగుల గుమ్మం

జూలైలో కల్బాలో ఇడ్లీ పిండి రుబ్బి పెట్టడం వరకే మన పని. మిగతాది ఎండ చూసుకుంటుంది. రాత్రి తొమ్మిదికి గిన్నెలో సగానికి ఉన్న పిండి తెల్లారేసరికి మూత నెట్టుకుని గట్టు మీదికి వచ్చేసి ఉంటుంది. ఏసీ గదిలో పెడితే పొంగదు, వంటగదిలో పెడితే ఆగదు. నేను ఆ గట్టు తుడుస్తూ ఉండగానే మా వారు ఫోను పట్టుకుని వచ్చారు.

"అన్నయ్య టికెట్లు బుక్ చేశాడట. కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బర్గ్ చూడ్డానికి."

"కార్ల్స్‌బర్గ్ అంటే బీరు కదా?"

"బీరే. కానీ ఇప్పుడది మ్యూజియం లాంటిదిలే. పిల్లల్ని కూడా తీసుకెళ్లచ్చట."

నేనేం మాట్లాడలేదు. ఈ కబుర్లు మొదటి నుంచీ చదువుతున్న వాళ్లకి తెలుసు, నేను మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదు.

మా బావగారి కుటుంబం స్వీడన్‌లోని మాల్మోలో ఉంటుంది. సముద్రం మీద 2000లో తెరిచిన వంతెన దాటితే అవతల డెన్మార్క్. రైల్లో ముప్పావుగంట కూడా పట్టదు. సెలవుల్లో పది రోజులు వాళ్లింట్లో ఉండి, రెండు రోజులు కోపెన్‌హేగన్ తిరగాలని ఏడాదిగా అనుకుంటున్నాం. చిన్న జలకన్య విగ్రహం, పడవ ప్రయాణం, అన్నీ నా లిస్టులో ఉన్నాయి. బీరు కంపెనీ మాత్రం లేదు.

కల్బా షార్జా ఎమిరేట్‌లోదే అయినా షార్జా నగరంతో కలిసి ఉండదు. కొండలు దాటి తూర్పు తీరానికి రావాలి. ఒకవైపు ఒమన్ సరిహద్దు, ఒకవైపు ఫుజైరా, ముందు సముద్రం, పక్కనే ఖోర్ కల్బా మడ అడవులు. షార్జా అంతటా మద్యం నిషేధం. పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆ మాట విని నేను పడిన నిశ్చింత ఎవరికీ చెప్పలేదు. ఊరు చిన్నది, మాల్స్ లేవు, మనవాళ్లు తక్కువ అని మా వారు బెంగపడుతుంటే, నేను మాత్రం ఇక్కడే ఉందాం అన్నాను. అయితే కారెక్కి కాసేపు వెళ్తే ఫుజైరా. అక్కడి హోటళ్లలో అన్నీ దొరుకుతాయి. నెలకోసారి 'ఆఫీసు వాళ్ల డిన్నర్' నుంచి మా వారు పుదీనా బిళ్ల చప్పరిస్తూ రావడం నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకి తెలియదు. పన్నెండేళ్లుగా అలాగే నడిచింది.

ఇంత పట్టింపు ఎందుకంటే, మాది నెల్లూరు జిల్లా. మా నాయన సారాయి తాగేవాడు.

నాకు ఊహ తెలిసేనాటికి మా ఊళ్లో సారాయి పాకెట్లలో వచ్చేది. ఉప్పు కోసం పక్క ఊరికి నడవాలేమో గానీ, సారాయి మాత్రం వీధి చివరే ఉండేది. 1992లో మా జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు వర్ధినేని రోశమ్మ ముందు నడవగా కొట్టు మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో ఆ సంగతే పాఠమై ఊరూరికీ చేరింది. సారాయి వేలంపాటలు జరగనివ్వలేదు. మా అమ్మ కూడా రాత్రి బడికి వెళ్లి సంతకం నేర్చుకున్నది అప్పుడే, చీపురు పట్టుకుని కొట్టు ముందు కూర్చున్నదీ అప్పుడే. నాకు నాలుగేళ్లు. అమ్మ ఒళ్లో కూర్చుని ఉన్నానట. పాకెట్లు తగలబెట్టిన వాసన గుర్తుందని అంటాను గానీ, అది నిజంగా గుర్తో, అమ్మ చెప్పగా చెప్పగా వచ్చిన గుర్తో తెలియదు.

1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారాయి నిషేధించారు. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. పుస్తకాల్లో ఇవి మూడు తేదీలు. మా ఇంట్లో మాత్రం మధ్యలో ఉన్న ఆ నాలుగేళ్లే మా నాయన మాకు మిగిలిన కాలం. తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు. నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా లివర్ పాడై పోయాడు. మా పిల్లలకి మాత్రం తాతయ్యది గుండెజబ్బు అని చెప్పాను.

ఇదంతా మాల్మోలో మా అక్కతో, అంటే తోడికోడలితో, చెప్పలేదు. ఆవిడ అక్కడి చలికి ఇడ్లీ పిండి పొంగక, ఓవెన్‌లో లైటు మాత్రం వేసి రాత్రంతా లోపల పెడుతుంది. పిండి పొంగించడం గురించి మాట్లాడుకుంటూనే రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పొద్దున్న అందరం రైలెక్కాం.

కార్ల్స్‌బర్గ్ పేరుతోనే లోకల్ రైలు స్టేషన్ ఉంది. బీరు కాచే పని 2008లోనే ఊరి బయటికి పోయింది. ఇప్పుడు పాత ఫ్యాక్టరీ చుట్టూ అపార్ట్‌మెంట్లు, కాఫీ షాపులు. నాలుగడుగులు వేశామో లేదో ఎదురుగా నాలుగు ఏనుగులు! గ్రానైటుతో చెక్కిన నిలువెత్తు ఏనుగులు ఒక పెద్ద గుమ్మాన్ని మోస్తున్నాయి. వాటి మీద స్వస్తిక్ గుర్తులు. ఒక్క క్షణం తిరుపతి వైపు ఎక్కడో దిగినట్టు అనిపించింది.

మా అబ్బాయి ఆరో తరగతి. వాడు నా చెయ్యి లాగి, "అమ్మా, ఇది నాజీల గుర్తు కదా?" అన్నాడు గొంతు తగ్గించి. ఆ గుమ్మం కట్టింది 1901లో. ఫ్యాక్టరీ యజమాని కార్ల్ జేకబ్‌సెన్ అంతకు ఇరవై ఏళ్ల ముందు నుంచే స్వస్తిక్‌ని తన కంపెనీ ముద్రగా వాడుకున్నాడు. 1940లో జర్మన్లు డెన్మార్క్‌ని ఆక్రమించాక కంపెనీ ఆ ముద్ర మానేసింది. ఏనుగుల మీద ఉన్నవి మాత్రం అలాగే ఉంచారు. "మన గుమ్మం ముందు ముగ్గులో వేసేదే నాన్నా, మధ్యలో వేరేవాళ్లు ఎత్తుకుపోయారు" అన్నాను. ఫొటోలు తీసుకున్నాం. నేను కూడా నవ్వాను. లోపలికి వెళ్లకుండా ఇక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోతే బాగుండు అని కూడా అనుకున్నాను.

లోపల ముందుగా తగిలింది వాసన. నేను భయపడిన వాసన కాదు. మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించిన బార్లీ వాసన. పిల్లలకి ఆరో నెలలో రాగులు మొలకకట్టి, వేయించి, పొడి కొట్టి జావ పెట్టాం కదా, అచ్చం అదే. రాగి మాల్ట్ అన్నా, బీరు మాల్ట్ అన్నా పని ఒక్కటే. గింజ మొలకెత్తేటప్పుడు దానిలో ఎంజైములు పుడతాయి, అవి పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. మనం అక్కడితో ఆపి పాపకి పెడతాం. వాళ్లు అందులో ఈస్టు వేస్తారు.

జె.సి. జేకబ్‌సెన్ 1847లో ఈ ఫ్యాక్టరీ పెట్టి కొడుకు కార్ల్ పేరు కలిపి పేరు పెట్టాడు. బర్గ్ అంటే కొండ. పేరైతే పెట్టాడు గానీ ఆ కొడుకుతోనే పడలేదు. పెద్దాయనకి తొందర గిట్టదు, బీరు నిదానంగా తయారవ్వాలంటాడు. కొడుకేమో ఎక్కువ కాచి ఎక్కువ అమ్మాలంటాడు. చివరికి పక్కనే వేరు కుంపటి పెట్టేశాడు. రెండు ఫ్యాక్టరీల మధ్య వీధికి ఎవరికి వాళ్లు వేరువేరు పేర్ల బోర్డులు పెట్టుకున్నారట. ఇంత డబ్బున్న ఇంట్లోనూ ఇదే గొడవా అని మా అక్క, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. 1886లో రాజీ పడ్డారు. మరుసటి ఏడాది పెద్దాయన పోయాడు. జలకన్య విగ్రహం చేయించి ఊరికి ఇచ్చింది ఆ కొడుకే, 1913లో.

నేను ఎక్కువసేపు నిలబడింది ప్రయోగశాల కథ దగ్గర. జేకబ్‌సెన్ 1875లో ఫ్యాక్టరీకి ఒక ప్రయోగశాల పెట్టాడు. అక్కడ కనుక్కున్నది ఏదీ దాచుకోకూడదని నియమం పెట్టాడు. 1883లో ఆయన బీరే చెడిపోయింది. హాన్సెన్ అనే శాస్త్రవేత్త చూస్తే మంచి ఈస్టులో అడవి ఈస్టు కలిసింది. ఆయన ఒకే ఒక్క కణాన్ని వేరుచేసి, దాని నుంచి స్వచ్ఛమైన ఈస్టు పెంచాడు. జేకబ్‌సెన్ దాన్ని పోటీ కంపెనీలకి కూడా ఊరికే ఇచ్చాడు. అదే ఏడాది అదే ప్రయోగశాలలో కెల్డాల్ నత్రజనిని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. బియ్యంలో, పప్పులో, పాలపొడిలో ప్రొటీన్ ఎంతో చెప్పడానికి ఆ పద్ధతిని ఇప్పటికీ వాడతారు.

తర్వాత 1909. సోరెన్‌సెన్. పీహెచ్ స్కేలు.

కావలిలో బి.ఎస్సీ. చదివేటప్పుడు నేను ఎన్నిసార్లు రాశానో ఆ పేరు. కానీ ఆయన బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేశాడని మాకెవరూ చెప్పలేదు. నా డిగ్రీ సర్టిఫికెట్టు సూట్‌కేసు అడుగున పాస్‌పోర్టు జిరాక్సులతో పాటు పడి ఉంది. పద్నాలుగేళ్లుగా దాంతో పనిపడలేదు. సోరెన్‌సెన్ భార్య మార్గరెత్ కూడా ఆయనతో కలిసి పరిశోధనలు చేసింది. ఆవిడ పేరు మా పాఠాల్లో ఎక్కడా లేదు.

మా అబ్బాయి వచ్చి ఏంటమ్మా చూస్తున్నావ్ అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. పులుపు ఎంతో చెప్పాలంటే హైడ్రోజన్ అయాన్లని లెక్కపెట్టాలి. లీటరుకి 0.0001 మోల్, 0.000001 మోల్ అని సున్నాలు రాసుకుంటూ పోతే కళ్లు తిరుగుతాయి. అందుకని ఆయన మొదటిదానికి 4, రెండోదానికి 6 అన్నాడు. అంకె ఒకటి తగ్గితే పులుపు పది రెట్లు పెరిగినట్టు. మన ఇడ్లీ పిండి రుబ్బినప్పుడు 6 దగ్గర ఉంటుంది. పొంగి పులిసేసరికి నాలుగున్నర దగ్గరికి వస్తుంది. "బీరు పీహెచ్ కూడా ఇంచుమించు అంతే" అన్నాను. మన గిన్నెలో పనిచేసేది ముఖ్యంగా బాక్టీరియా, ఇక్కడ ఈస్టు. అదొక్కటే తేడా.

వాడు శ్రద్ధగా విన్నాడు. విని, ఒక ప్రశ్న వేశాడు.

"ఇంత మంచి సైన్స్ అయితే మరి మన కల్బాలో ఎందుకు బ్యాన్ చేశారు?"

మతం అని ఒక్క మాటలో చెప్పి తప్పించుకోవచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ నేను ఆ ఏనుగుల గుమ్మం దగ్గర నుంచీ మోస్తున్న మాట అదికాదు. పక్కనే బెంచీ ఉంటే కూర్చోబెట్టాను. "తాతయ్యది గుండెజబ్బు కాదు నాన్నా" అన్నాను. సారాయి సంగతి, అమ్మమ్మ చీపురు సంగతి, ఆస్పత్రి సంగతి చెప్పాను. వాడు ఏడవలేదు. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సిగ్గు అనాలి. చచ్చిపోయిన మనిషి గురించి ఇంకా సిగ్గు.

చివర్లో బార్ ఉంటుంది. పిల్లలకి, నాకు, అక్కకి కూల్‌డ్రింకులు. బావగారు గ్లాసు ఎత్తేశారు. మా వారు మాత్రం గ్లాసు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నేను బెంచీ మీద చెప్పిందంతా వెనకాల నిలబడి విన్నారని అప్పుడు అర్థమైంది.

"తాగండి" అన్నాను. "నా ముందే తాగండి. ఫుజైరా నుంచి పుదీనా బిళ్లతో రావడం కన్నా ఇది నయం."

ఆయన మొహం మీరు చూడాల్సింది. బావగారు దగ్గారు. ఆయన సగం తాగి గ్లాసు బల్ల మీద పెట్టేశారు. బీరు నచ్చకో, నా మాట నచ్చకో నేను అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఆయనే, "నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అన్నారు. మొదటి నుంచీ అన్నాను. వంతెన దాటేవరకు ఇద్దరం సముద్రమే చూశాం. ఆ మాట్లాడుకోవాల్సిన మాటలు ఇంకా పూర్తవలేదు, కానీ మొదలయ్యాయి.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. దాచి ఏం లాభమని ఎక్కడికి పోయొచ్చామో చెప్పేశాను.

"ఏందిమే, టిక్కెట్టు పెట్టి పొయ్యినారా? మేం పాకెట్లు తగలబెట్టినప్పుడు అగ్గిపెట్టె ఖర్చు తప్ప ఏమీ కాలా" అంది.

నవ్వాను. పిల్లవాడికి నాయన సంగతి చెప్పేశానని కూడా అన్నాను. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"సైకిలు సంగతి చెప్పినావా?"

చెప్పలేదు. సారాయి మానేసిన ఆ నాలుగేళ్లలో మా నాయన కూలి డబ్బులు కూడబెట్టి పాత సైకిలు కొన్నాడు. వర్షాకాలంలో వాగు దాటాలంటే సైకిలు భుజానికెత్తుకుని, నన్ను మెడ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లేవాడు. నేను బెంచీ మీద కూర్చుని తాగుడు చెప్పాను, ఆస్పత్రి చెప్పాను. ఇది మర్చిపోయాను.

"అదిగూడా చెప్పు. మనిషి అంటే అదొక్కటే కాదు గదా" అంది అమ్మ.

కల్బా వచ్చాక మొన్న శుక్రవారం సాయంత్రం కార్నిష్‌లో నడుస్తూ మా అబ్బాయికి సైకిలు సంగతి చెప్పాను. వాడు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

కోపెన్‌హేగన్ వెళ్లేవాళ్లు ఆ ఏనుగుల్ని తప్పకుండా చూడండి, వాటికి టికెట్టు లేదు. లోపలికి వెళ్తే ప్రయోగశాల దగ్గర కాసేపు ఎక్కువ నిలబడండి. డిగ్రీ సర్టిఫికెట్టు సూట్‌కేసులో పెట్టుకున్న వాళ్లు మరీ ఎక్కువసేపు నిలబడండి. అలాగే, ఇంట్లో పెద్దవాళ్ల గురించి పిల్లలకి మీరు చెప్పకుండా దాచిన సంగతి ఏదైనా ఉంటే, ఎప్పుడు చెప్పారో, ఎలా చెప్పారో నాకు రాయండి. పేర్లు అక్కర్లేదు.

వచ్చే నెల ఖోర్ కల్బా మడ అడవుల్లో పడవ నడిపిన కబుర్లతో కలుద్దాం. పిండి గిన్నె సగం వరకే నింపండి!