సముద్రం వేడెక్కితే మనకేంటి?



సముద్రం వేడెక్కితే కొండమీద ఉన్న మనకేంటి, చేపలు పట్టేవాళ్ళు చూసుకుంటారు అని కొందరు అంటారు. నా అభిప్రాయం వేరు. ఆ లెక్క మనకీ కావాలి. లెక్క కట్టే పద్ధతి కూడా మనం నేర్చుకోవాలి.

సముద్రం పైనీళ్ళ వేడిని ఉపగ్రహాలు చూస్తాయి. నీళ్ళమీద తేలే బోయాలు, ఓడలు కూడా కొలుస్తాయి. హైదరాబాద్‌లో 1999లో పెట్టిన ఇన్‌కాయిస్ సంస్థ ఈ సమాచారం ఇస్తుంది. అయితే ఊరికే 29 డిగ్రీలు అంటే ఏమీ తెలీదు. మన తీరంలో జనవరిలో అది ఎక్కువ, మే నెలలో మామూలే. అందుకని 30 ఏళ్ళలో అవే రోజుల్లో ఎంతెంత ఉందో తీసి చూస్తారు. పదింట తొమ్మిది వంతుల లెక్కల్ని దాటి, 5 రోజులైనా అలాగే ఉంటే దాన్ని సముద్రపు వడగాడ్పు అంటారు.

దానివల్ల ఏమవుతుంది? 2020 మే నెలలో తమిళనాడు దగ్గర మన్నార్ సింధుశాఖలో నీళ్ళు వేడెక్కితే, పగడాల్లో 85 శాతం తెల్లగా పాలిపోయాయి. అదే నెలలో బంగాళాఖాతం వేడిగా ఉండబట్టి అంఫన్ తుఫాను ఇంకా బలిసింది. మన దేశపు శాస్త్రవేత్తలు 1982 నుంచి 2018 వరకు చూస్తే, బంగాళాఖాతంలో ఇలాంటివి 94 సార్లు వచ్చాయి. ఇవి వచ్చినప్పుడు మధ్య భారతంలో వానలు తగ్గుతున్నాయని, దక్షిణాన పెరుగుతున్నాయని 2022లో చెప్పారు. వాన మారితే చోడి, సామ పండించే మనకి సంబంధం లేదా?

మన ఇళ్ళల్లో పెద్దోళ్ళు వానలు మునుపటిలా లేవంటారు. నేను నమ్ముతాను. కానీ ఎంత తేడా అని ఎవరైనా ఆఫీసరు అడిగితే చూపించడానికి కాగితం లేదు. వాళ్ళకి అంతా గుర్తుంది, రాయడానికి బడి లేకపోయింది. మనకి బడి ఉంది. మామూలు ఏదో రాసి పెట్టుకున్నవాళ్ళే, మామూలు కానిది వచ్చినప్పుడు గట్టిగా చెప్పగలరు.

అది గవర్నమెంటు పని కదా అనొచ్చు. వాళ్ళ పని వాళ్ళు చేస్తారు. మన గెడ్డలో నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో, మన బడిమీద ఎంత వాన పడిందో రోజూ చూసేది మనమే.

కాబట్టి మేడమ్ గారికి నా విన్నపం. సైన్సు రూములో థర్మామీటరు ఉంది. ఒక నోటుబుక్కు, నిటారుగా ఉండే ఒక డబ్బా, ఒక స్కేలు ఇప్పించండి. రోజూ ఉదయం 8 గంటలకి వారానికొక తరగతి చొప్పున రాస్తాం. నోటీసు బోర్డు మీద వారానికోసారి సముద్రం వేడి కూడా తెలుగులో రాయించండి. మేం పదో తరగతి పాసై వెళ్ళిపోయినా ఆ నోటుబుక్కు ఇక్కడే ఉండాలి. దాంట్లో 30 ఏళ్ళు నిండేసరికి, మన తర్వాత వచ్చే చెల్లెళ్ళు లెక్క చూపించి మాట్లాడతారు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి